మాత్రలు వాపసిచ్చిన సర్దార్

వారానికి దొరికే ఒక్క సెలవు రోజైనా ఎవరి నొప్పీ వినకుండా కుసుమంచిలో మా అమ్మ దగ్గర పడి నిద్రపోదామని ఖమ్మం బస్టాండులో నిలబడ్డాను. బస్సు రాలేదు గానీ ఫోను వచ్చింది.

"సిస్టరమ్మా, సర్దార్ పోయిండు" అంది పెద్దమ్మ. ఆయన భార్య. ఊరంతా ఆయన్ని సర్దార్ అంటే ఆమె కూడా సర్దార్ అనే అనేది.

"ఎప్పుడు పెద్దమ్మా?"

"నిన్న. మాపటికే అంతా అయిపోయింది."

ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లు తిరిగినా ఈ కబురు విన్న మొదటి నిమిషంలో ఏమనాలో నాకు ఇప్పటికీ చేతకాదు. వెనకాల మనుషుల గోల, కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. కాసేపటికి గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నేనొకటి అడుగుత, నిజం చెప్పు బిడ్డా. పొద్దుగాల మాత్ర ఏసిన. జరసేపటికే పానం పోయింది. మా మరిది గదే అంటున్నడు, వచ్చినోళ్లు గదే అంటున్నరు. నేనే సంపిన్నా?"

కాదన్నాను. మళ్లీ కాదన్నాను. ఎందుకు కాదో కూడా చెప్పబోయాను. ఆమె "అవ్, అవ్" అంటోంది గానీ ఆ అవ్‌లలో ఒక్కటీ నమ్మిన అవ్ లేదు. ఇది ఫోనులో తేలే మాట కాదని అర్థమైంది. ఇంతలో కుసుమంచి బస్సు వచ్చి నా ముందే ఆగింది. దాన్ని పోనిచ్చి మణుగూరు బస్సు ఎక్కాను. రావట్లేదని మా అమ్మకు చెబితే, "ఆ రోగులే నీకు కన్నోళ్లు, పో" అని ఫోను పెట్టేసింది. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు.

నా ఉద్యోగం కాన్సరు రోగుల ఇళ్లకు తిరగడం. జబ్బు నయం చేసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు పట్నంలో కోస్తారు, రేడియేషన్ కరెంటు పెడతారు, కీమో ఎక్కిస్తారు. ఇంక మా చేతిలో ఏం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని వాళ్లన్న రోజు నుంచి నా పని మొదలవుతుంది. నొప్పి, వాంతులు, నోటిపూత, రాని విరేచనం, ఆగని ఆయాసం, పుండు వాసన. వీటిని పోగొట్టలేకపోయినా కాస్త కిందికి దించితే చాలు. నేను ఏ ఇంటికి వెళ్లినా ఆ ఇంటి కథ ఎట్లా ముగుస్తుందో గడప తొక్కకముందే తెలుసు. ఈ మధ్య ఒళ్లు అలిసినట్టుగా లేదు, ఇంకేదో అలిసింది. దానికి సెలవు ఎట్లా పెట్టాలో తెలియదు.

తల్లాడ దాటేదాకా నిలబడే ఉన్నాను. జూలూరుపాడు దగ్గర సీటు దొరికింది. మిర్చి బస్తాలు వేసుకున్న ట్రాక్టర్లు ఎదురొస్తుంటే బస్సంతా తుమ్ములు, దగ్గులు. కళ్లు మండుతుంటే కొంగుతో ఒత్తుకున్నాను. పక్క సీటాయన "మిర్చి గాలి" అన్నాడు ఓదార్పుగా. అవునన్నాను.

సర్దార్ ఇంటికి నేను మొదటిసారి వెళ్లిన రోజు ఆయన నన్ను కూర్చోనివ్వలేదు. ఇల్లు మణుగూరు అవతల, కాలనీలు అయిపోయి అడవి మొదలయ్యేచోట. ఇంట్లో రెండు గదులుంటే ఆయన మాత్రం పెరట్లో కట్టెలు పెట్టుకునే పాకలో, నవారు మంచం మీద ఉన్నాడు. ఎడమ చెంప మీద గుడ్డ. నేను స్టూలు జరుపుకోబోతే చెయ్యెత్తి ఆగమన్నాడు. మంచం పక్కనున్న కర్ర తీసుకుని మెల్లగా లేచాడు. సరిగ్గా నా నెత్తిమీద ఉన్న వాసాన్ని రెండుసార్లు తట్టాడు. తల వంచి విన్నాడు. ఆ తర్వాత, "కూసో. ఆల్ సేఫ్" అన్నాడు.

నేను పెద్దమ్మ వంక చూశాను. "గంతే సిస్టరమ్మా. బాయి ఇడిసిపెట్టినా బాయి ఆయన్ని ఇడిసిపెట్టలే" అంది.

బొగ్గుబాయిలో, అంటే గనిలో, సర్దార్ అంటే తన చేతి కింద పనిచేసేవాళ్ల ప్రాణాలకు పూచీ ఉన్న మనిషి. అందరికంటే ముందు తను లోపలికి వెళ్లి కర్రతో పైకప్పు తట్టి చూడాలి. ఖంగుమంటే పనిలోకి రానివ్వాలి, డొల్లగా మోగితే వెనక్కి పంపాలి. ఉద్యోగం అయిపోయినా ఆయన ఆ పని మానలేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు పైకి చూసేవాడట. బస్సు ఎక్కితే టాపు తట్టేవాడట. "పెండ్లికి పోతే పందిరి గుంజలు ఊపి చూస్తడమ్మా. పెండ్లి పిల్లగాని చిన్నాయన ఈయన్ని దొంగనుకున్నడు" అని పెద్దమ్మ చెప్పుకొచ్చింది. సర్దార్ ఆ మాటకు ఏమాత్రం సిగ్గుపడలేదు. "గుంజ లూజుగనే ఉండె" అన్నాడు.

ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. పళ్లెం ముందు కూర్చుంటే మొదటి ముద్ద తీసి గోడవార పెట్టాలి. బాయి లోపల కప్పు కూలబోయే ముందు ఎలుకలకు తెలిసిపోతుందట. అవి పరుగెత్తితే మనుషులూ పరుగెత్తాలి. అందుకని అక్కడ అందరూ తిండిలో కొంచెం వాటికి పడేసేవాళ్లు. ఇంట్లో కప్పు కూలేదేమీ లేదు గానీ అలవాటు పోలేదు. "వీటికి బాకీ ఉన్నమా ఏంది మనం? ఇల్లంత ఎలుకలే. నా పట్టుచీర కొరికినయ్" అని పెద్దమ్మ మొత్తుకునేది. తనకు గిన్నెడు జావ కూడా గొంతు దిగని రోజుల్లో కూడా ఆయన మెతుకులు అడిగి మరీ గోడవార పెట్టించాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెంటినీ మింగి బీపీ మిషను సర్దుకున్నాను.

చెంపలో జబ్బు ఎట్లా వచ్చిందో ఆయనే చెప్పాడు. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. దిగేముందు ఒళ్లంతా తడిమి చూస్తారు. "నోట్లె ఉన్నదాన్ని ఎవడు తడుముతడు? గందుకే అందరం ఖైనీ పట్టినం" అన్నాడు. పట్నంలో కోశారు, కరెంటు పెట్టారు. ఏడాది తిరక్కుండానే మళ్లీ పెరిగింది.

ఆయన పెరట్లోకి ఎందుకు చేరాడో ఆ రోజు గుడ్డ విప్పాక తెలిసింది. పుండు నుంచి వాసన. పెద్దమ్మ పొద్దుటా మాపటా సాంబ్రాణి వేసేది, దాంతో రెండు వాసనలు అయ్యాయి. తన వల్ల ఇంట్లో ఎవరూ అన్నం తినలేకపోతున్నారని ఎవరూ అనకముందే ఆయన మంచం ఎత్తించుకుని బయటపడ్డాడు. ఈ వాసనకు మందుంది. కొన్ని మాత్రలు మెత్తగా నూరి ఆ పొడి పుండు మీద చల్లి, పైన మెత్తటి గుడ్డ వేసి కట్టాలి. ఎట్లా కడగాలో, ఎట్లా చల్లాలో పెద్దమ్మకు చేసి చూపించాను. ఆమె రోట్లో నూరబోతే వద్దని, రెండు స్పూన్ల మధ్య నలపమన్నాను. మళ్లీ వెళ్లేసరికి మంచం ముందు వరండాలో ఉంది. "వాసన పోయిందా పెద్దయ్యా?" అంటే, "ఎలుకలు మళ్ల వస్తున్నయ్" అన్నాడు. పోయిందన్నమాట.

కానీ నొప్పి సంగతి మాత్రం ఆయన బయటపెట్టేవాడు కాదు.

"నొప్పి ఎట్లుంది?"

"ఆల్ సేఫ్."

"పదిలో ఎంత ఉందనుకోవచ్చు?"

"పదిలో లెక్కలు మీ దవాఖానల సంగతి. మా దాంట్లె రెండే. సేఫు, అన్‌సేఫు."

అప్పటికే ఆయనకు డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశాడు. నాలుగు గంటలకోసారి, నొప్పి ఉన్నా లేకపోయినా వేసుకోవాలి. ఇది గట్టి మందు, భద్రంగా పెట్టుకో, ఎవరి చేతికీ ఇవ్వకు అని దవాఖానాలో అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పారు. ఆ తర్వాత నేను వెళ్లిన రోజున ఆయన దిండు కింద నుంచి ఖైనీ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. మూత తీస్తే నిండా మాత్రలు.

"తీస్కో. మిగిలిన మాల్ వాపస్."

ముందు నాకు అర్థం కాలేదు. దవాఖానాలో పొరపాటున ఎక్కువ ఇచ్చారేమో అనుకున్నాను. "ఇన్నెట్ల మిగిలినయ్ పెద్దయ్యా?"

"తక్కువల ఎల్లదీసిన" అన్నాడు. ఆ ముఖంలో ఎంత గర్వమో చెప్పలేను. సగం చెంప లేని ఆ ముఖం మెడలో దండ వేయించుకోవడానికి సిద్ధంగా ఉంది. బాయిలో రాతిని పగలగొట్టే మందుగుండు షిఫ్టుకింత అని ఇచ్చేవాళ్లట. వాడగా మిగిలింది తిరిగి తెచ్చి కొట్టులో అప్పగించాలి. దాచుకోకూడదు, పారేయకూడదు. "తక్కువ మందుతోని ఎక్కువ బొగ్గు పడగొట్టేటోడే సర్దార్. ఎక్కువ కాల్చేటోడు నాదాన్" అన్నాడు. గట్టి మందు, భద్రం అన్న మాట చెవిన పడగానే ఆయనకు తెలిసిన గట్టి మందు ఒక్కటే. దాన్ని ఎట్లా వాడాలో ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు. పెద్ద నొప్పి వచ్చేదాకా ఆగి, అప్పుడొకటి వేసుకుని, మిగతావి పైవాళ్లకు అప్పగించడం.

మార్ఫిన్ అంటే భయపడి పారేసిన వాళ్లను చూశాను, అలవాటవుతుందని దాచిన వాళ్లను చూశాను. మంచి పనిమంతుడన్న పేరు కోసం మిగిల్చిన మనిషిని మాత్రం ఈయన్నొక్కణ్నే చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది.

మంచం పట్టె దగ్గర, ఆయన కుడిచెయ్యి ఉండేచోట, నవారు పీలికలై వేలాడుతోంది. "ఇదేంది?" అన్నాను.

"పాత మంచం."

"పాతది కాదు సిస్టరమ్మా" అని పెద్దమ్మ గుమ్మంలోంచి అంది. "మొన్న దసరాకు అల్లిచ్చిన. చెయ్యితోని గుంజి గుంజి గట్ల చేసిండు. పండ్లు కొరుకుదామంటే నోరు మూయరాదు, గందుకని మంచాన్ని గుంజుతడు. నన్నడిగితే ఆల్ సేఫ్ అంటడు. నాతోని మాటలే బందు పెట్టిండు. మాట్లాడాలె సిస్టరమ్మా, తిట్టినా సరే."

ఆమె అంతకుముందు నా దగ్గర అంత మాట్లాడలేదు. సర్దార్ కోపంగా ఆమె వంక చూశాడు గానీ నోరు తెరవలేకపోయాడు. నొప్పి ఎంతదాకా వచ్చిందో ఆ చూపులోనే తెలిసింది.

నాకు కోపమొస్తే నా నోరు ఆగదు. స్టూలు ఆయన ఎదురుగా లాక్కున్నాను.

"పెద్దయ్యా, మీ బాయిల కప్పు కూలినంక దిమ్మెలు పెడ్తరా?"

దిమ్మెలంటే కప్పుకు ఆసరాగా నిలబెట్టే కర్ర మొద్దులు. ఆయన నా వంక జాలిగా చూశాడు. ఇంత తెలివితక్కువది నాకు మందులెట్లా ఇస్తోందా అన్నట్టు.

"కూలినంక పెట్టి ఏం చేస్తవ్? ముందుగాల్నే పెడ్తం."

"చప్పుడు రాంగనే పెడ్తరా?"

"చప్పుడొచ్చినంక ఏంది పెట్టేది, ఉరుకుడే. చప్పుడు రాకముందే పెట్టాలె. ఎంత లోపలికి పోతే అంత, పెట్టుకుంటనే పోవాలె."

"మరి దిమ్మె మిగిల్చి వాపసిస్తే మెచ్చుకుంటరా?"

ఆయన నా చేతిలోని డబ్బా వంక చూశాడు.

"ఈ మాత్ర మందుగుండు కాదు పెద్దయ్యా, దిమ్మె. నొప్పి కూలినంక వేస్తే ఎన్ని వేసినా ఆగదు. రాకముందే వేసుకుంట పోతే చిన్నది చాలు. నువ్వు మిగిల్చి నాకిచ్చేది మాత్రలు కాదు, నీ నిద్ర, నీ తిండి, ఈ పెద్దమ్మతోని నీ మాటలు. నాకెందుకవి?"

చాలాసేపు వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాడు. బొగ్గు లారీలు పోతున్నాయి, ఇంట్లో గిన్నెల మీద దుమ్ము పడుతోందని పెద్దమ్మ లేచి వెళ్లి మూతలు పెట్టి వచ్చింది. చివరికి ఆయన చెయ్యి చాపాడు. నా చేతిలోంచి ఖైనీ డబ్బా వెనక్కి తీసుకున్నాడు.

"ఏ టైముకు?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మాత్రకు ఒక్కపూట కూడా నాగా పెట్టలేదు. బాయి భాషలో పనికి ఎగ్గొట్టడం నాగా. ఉద్యోగంలో కూడా ఆయనకు నాగాలు లేవట. టైము కాగానే చెయ్యి చాపి ఉంచేవాడు, పెద్దమ్మ ఎక్కడున్నా పరుగెత్తి రావాలి. మార్ఫిన్‌తో పాటు విరేచనం కావడానికి రోజూ వేరే మందు తాగాలి. అది మాత్రం ఆయనకు మహా చిరాకు. "నొప్పి ఆపేటందుకు ఒకటి, ఆగినదాన్ని ఎల్లగొట్టేటందుకు ఒకటి. మీ దవాఖానోళ్లకు వేరే పని లేదా?" అనేవాడు. ఆ రెండోది మానేస్తే మొదటిది కూడా మానాల్సి వస్తుందని నేను బెదిరించేదాన్ని. తిట్టుకుంటూ తాగేవాడు.

ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పూటపూటా నోరు పుక్కిలించేవాడు. తినే ముందు నోట్లో పుళ్ల మీద మొద్దుబారే జెల్లు రాసుకునేవాడు. దాంతో జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం నాలుగు స్పూన్లు లోపలికి పోయేవి. ఒకరోజు బొక్కల రసం, మేక ఎముకలతో కాచేది, కావాలన్నాడు. పెద్దమ్మ ఆశగా చేసింది, పుండు మండుతుందని కారం వేయకుండా. ఒక గుటక తాగి గిన్నె కింద పెట్టాడు.

"గిది రసమా? మొగడు కాన్సరుతోని సచ్చేటట్టు లేడని గిట్ల సంపుతున్నవా? నలభై ఏండ్ల సంది వండుతున్నవ్, ఒక్కనాడన్న నోటికి పట్టేటట్టు చేసినవా?"

అంత పొడుగు మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు చాటుకు పోయింది. ఏడుస్తోందేమోనని వెనకే వెళ్లాను. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని నిలబడింది. "తిడుతుండు సిస్టరమ్మా, తిడుతుండు" అంది. నా ఉద్యోగంలో నేను సాధించినవి ఏమైనా ఉంటే ఆ తిట్లు అందులో ముందుంటాయి.

మాత్రలు టైముకు పడ్డ ఆ రెండు నెలలూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. చచ్చేముందు మనిషి పెద్ద మాటలేవో చెబుతాడని అందరూ అనుకుంటారు. ఈయన ఫ్యాను తిప్పమని, చాయ్‌లో చక్కెర తక్కువైందని, ఎదురింటి వాళ్ల గోడ వంకరగా లేచిందని చెప్పాడు. కట్టు మారుస్తున్నప్పుడు ఒకసారి మాత్రం నన్నే చూస్తూ అన్నాడు.

"నా చేతి కింద ఒక్క మనిషి పోలే, తెల్సా? అంత ఉద్యోగంల ఒక్కడు పోలే."

"నీ అదృష్టం పెద్దయ్యా. నా చేతి కింద అందరూ పోతనే ఉంటరు" అన్నాను. ఆ రోజు అప్పటికే రెండిళ్లు తిరిగి వచ్చాను, పొద్దున్నే ఒక చావు చూశాను. విసుగంతా ఆ మాటలో బయటపడింది.

ఆయన కాసేపు ఆలోచించాడు. "పోతే పోతరు. అది నీ చేతిల లేదు గదా. అరుసుకుంట పోతున్నరా, సల్లగ పోతున్నరా, గది చూసుకో నువ్వు" అని, కట్టు గట్టిగా అయిందేమోనని వేలు పెట్టి చూసుకున్నాడు. నా పని గురించి నాతో అంత సాఫీగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో మా దవాఖానా వ్యానులో నిద్రపోయాను, చాలా రోజుల తర్వాత.

పోయిన వారం వెళ్లినప్పుడే తెలిసిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి, మాట లేదు, చేతులు చల్లబడుతున్నాయి. మింగలేకపోతే మాత్ర నలిపి కాసిని నీళ్లలో కలిపి స్పూనుతో చెంప పక్కగా పోయమని పెద్దమ్మకు చూపించాను. పెదవులు ఆరిపోకుండా తడిగుడ్డతో అద్దమన్నాను. ఆయాసం వస్తే ఫ్యాను ముఖం మీదికి తిప్పమన్నాను. ఇంకెన్ని రోజులని అడిగింది. ఎక్కువ లేవన్నాను. "మాత్ర ఆపాల్నా?" అంది. వద్దు, టైముకు వేస్తూనే ఉండు అన్నాను. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

నేను దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లు. సర్దార్ తమ్ముడు లేచి ఎదురొచ్చాడు. "మాత్ర ఏసిన గంటకే పోయిండు సిస్టర్" అన్నాడు, పదిమందికీ వినబడేట్టు.

"గదే మాత్ర ఎన్ని నెలల సంది ఏసుకుంటుండు? ఇన్ని దినాలు సంపలేనిది ఒక్కనాడు ఎట్ల సంపుతది?" అన్నాను. నేను కూడా పదిమందికీ వినబడేట్టే అన్నాను. "పోయిన వారమే మాట బందయింది, చేతులు సల్లబడ్డయ్. మనిషి పోతనే ఉండె. మాత్ర ఏసినా పోతుండె, ఏయకున్నా పోతుండె. ఏయకుంటే మీరంతా చెవులు మూసుకొని కూసునేటోళ్లు."

ఆయన తల దించుకున్నాడు. "నాకేం తెల్సు సిస్టర్. వచ్చినోళ్లంతా ఎట్ల పోయిండు, ఎట్ల పోయిండు అని అడుగుతున్నరు. ఏదో ఒకటి చెప్పాలె గదా." మనిషి కళ్లు వాచి ఉన్నాయి, గడ్డం మాసి ఉంది. నా కోపం చప్పబడింది. జబ్బుతోని పోయిండని చెప్పు అన్నాను. "అవ్" అన్నాడు.

లోపల పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్లు. మా వైపు ఏ ఆడ చుట్టం వచ్చినా వాకిట్లోంచే శోకం పెడుతూ వస్తుంది. చనిపోయినాయన భార్య లేచి ఆమెను పట్టుకుని, ఆమెతో సమానంగా గొంతెత్తి ఏడవాలి. నిన్నటి నుంచి అదే పని. ఆమె గొంతు ఎప్పుడో పోయింది. నన్ను చూసి, "సిస్టరమ్మతోని జర మాట్లాడేదుంది" అని మిగతావాళ్లను పక్కకు పంపింది.

బయట చెప్పిందంతా మళ్లీ చెప్పాను, ఇంకా నెమ్మదిగా, ఇంకా వివరంగా. ఆమె వింటూ వింటూ తల అడ్డంగా ఊపింది.

"గది కాదు బిడ్డా."

"మరేంది?"

గుమ్మం వైపు చూసింది, ఎవరూ వినడం లేదు కదా అని.

"నేను పండుకున్న."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"మాత్ర నలిపి పోసిన. నోరు తుడిసిన. నా దిక్కు చూసి 'పండుకో' అన్నడు. మాటే లేని మనిషి, గా ఒక్క మాట మంచిగ అన్నడు. మంచం పక్కనే కొంగు పరుసుకొని ఒరిగిన. గంతే. కండ్లు తెరిసేసరికి ఎండ లోపలికొచ్చింది. ఆయన సల్లగైండు. ఎప్పుడు పోయిండో తెల్వది. మొగడు పానం ఇడుస్తుంటే పెండ్లాం పక్కనే గుర్రు పెట్టి పండుకున్నది. గీ మాట ఎవ్వరికి చెప్పలే. మాత్రతోని పోయిండని అంటుంటే అననీ అని ఊకున్న. గీ మాట కంటే గదే నయమనిపిచ్చింది."

ఇట్లాంటప్పుడు చెప్పడానికి మాకు నేర్పిన మాటలు ఉంటాయి. మీ తప్పేం లేదు, మీరు చేయగలిగినదంతా చేశారు. వాటిని ఎన్ని గదుల్లో చెప్పానో, ఇంక చెప్పబుద్ధి కాలేదు. ఆమె చేయి పట్టుకుని అడిగాను.

"ఆయన మూలిగితే నీకు మెలకువొస్తదా పెద్దమ్మా?"

"రాకేంది? చీమ చిటుక్కుమన్నా లేస్త. ఆయన పక్కకు జరిగితే లేస్త. ఏడాది సంది నా బతుకు గదే గదా."

"నిన్న లేవలే."

"లేవలే." కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరైతే ఆయన మూలగలే."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"మూలిగితే నువ్వు లేసేటిదానివే. ఒక్కసారన్న పొర్లితే, మంచం గుంజితే లేసేటిదానివే. ఏదీ జరగలే. నువ్వు ఏసిన మాత్ర పని చేసింది. నొప్పుల ఉన్న మనిషి పక్కోళ్లను పండుకోమనడు పెద్దమ్మా, పట్టుకొమ్మంటడు. ఆయన నిన్ను పండుకోమన్నడు. నువ్వు మెలకువతోని ఉంటే ఆయన ఎట్ల పోయిండో నేను చెప్పలేకపోతుంటి. నీకు నిద్ర పట్టింది గనక చెప్పగలుగుతున్న."

ఆమె నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి, "నొప్పి లేకుంటనే పోయిండంటవా?" అంది.

"అవ్."

"ఒట్టు?"

నాకు తెలియని వాటి మీద నేను ఒట్టు పెట్టను. ఇది తెలుసు. "ఒట్టు" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. గొంతెత్తి ఏడ్చే ఏడుపు కాదు, చప్పుడు లేదు, కన్నీళ్లు మాత్రం కారిపోతున్నాయి. తల నా భుజం మీద ఆనించింది. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి ఊపిరి మారింది, తల బరువెక్కింది. తొంగి చూస్తే నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఖమ్మం బస్సుకు టైమవుతోంది. చెయ్యి తిమ్మిరెక్కింది. కదలలేదు.

ఇంతలో వాకిట్లోంచి శోకం. ఎవరో ఆడమనిషి, "ఓ అక్కా, ఎంత పనాయెనే అక్కా" అని గుండె బాదుకుంటూ వస్తోంది. గదిలో ఉన్న ముసలామె గబగబా వచ్చి పెద్దమ్మ భుజం పట్టుకోబోయింది.

"లేపకండి" అన్నాను.

"గట్లెట్ల? చుట్టం ఏడ్సుకుంట వస్తుంటె..."

"రానీయండి. ఈమెను మాత్రం లేపకండి."

ఆ వచ్చినామె ఏడుస్తూనే గడపలో కాలు పెట్టి, మా ఇద్దర్నీ చూసి చటుక్కున ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎప్పుడు పండుకున్నది?" అంది గుసగుసగా.

"ఇప్పుడే."

తలూపి, పెద్దమ్మ ముఖం మీద పడుతున్న ఎండకు అడ్డంగా వెళ్లి గుమ్మంలో కూర్చుంది.